పెట్టెలో పాము, దాని వెచ్చదనం: పెంచేవారి ధర్మం ఎంతవరకు?

పాము తనకు కావలసిన వేడిని మనిషిలా ఒంట్లోనే పుట్టించుకోలేదు. పొద్దున్నే ఎండ పడే బండ మీదికి పాకుతుంది. ఒళ్లు కాస్త కాగాక నీడకు జరుగుతుంది. ఎండ ముదిరే వేళకు బొరియలోకి దిగుతుంది. చీకటి పడ్డాక, పగటి వేడి ఇంకా ఆరని మట్టిని వెతుక్కుంటుంది. దాని రోజులో పెద్ద పని ఇదే. ఆ పామును నాలుగడుగుల గాజుపెట్టెలో పెట్టి మూత వేయగానే ఎండ, నీడ, బొరియ, గోరువెచ్చని మట్టి అన్నీ ఒక్కసారే పోతాయి. వాటి స్థానంలో ఒక తీగ, ఒక స్విచ్, ఆ స్విచ్ వేసే మనిషి మిగులుతారు. పెంపుడు పాము పెట్టెలో వేడి అమర్చడం పైకి ఎలక్ట్రీషియన్ పనిలాగే ఉంటుంది. కానీ అందులో ఒక ధర్మసందేహం దాగి ఉంది. తన బతుకును తాను చక్కబెట్టుకునే వీలును ఒక ప్రాణి నుంచి లాగేసుకున్నవాళ్లు దానికి ఎంతవరకు రుణపడతారు? ఆ రుణం తీరేదేనా?

పాము, బల్లి, తాబేలు చుట్టుపక్కల వేడికి లోబడి బతికే నిస్సహాయ జీవులని శాస్త్రజ్ఞులు కూడా చాలాకాలం అనుకున్నారు. అమెరికాకు చెందిన రేమండ్ కౌల్స్, చార్లెస్ బోగర్ట్ 1944లో ఎడారి సరీసృపాల మీద ప్రచురించిన అధ్యయనంతో ఆ అభిప్రాయం మారింది. ఈ జీవులు ఎండకూ నీడకూ మధ్య తిరుగుతూ తమ ఒంటి వేడిని చాలా ఇరుకైన హద్దుల్లో నిలుపుకుంటాయని వాళ్లు చూపారు. మూడు దశాబ్దాల తర్వాత మాథ్యూ క్లూగర్, ఆయన సహచరులు ఎడారి ఇగ్వానాల మీద చేసిన ప్రయోగాలు ఇంకో సంగతి బయటపెట్టాయి. రోగకారక బ్యాక్టీరియా ఎక్కించిన బల్లులు మామూలు కన్నా వేడిగా ఉండే చోటును ఎంచుకున్నాయి. మనిషికి జ్వరం దానంతటదే వస్తే, ఇగ్వానా నడిచి వెళ్లి దాన్ని తెచ్చుకుంటుందన్నమాట. తక్కువ వేడిలో ఉంచిన బల్లుల్లో చావులు ఎక్కువయ్యాయని 1975 నాటి పరిశోధన తేల్చింది. ఈ సంగతి మనకు తెలియడానికి ఆ బల్లులు చావవలసి వచ్చిందన్నది కూడా మరవదగ్గది కాదు.

పాముకు తిండి అరగడం కూడా వేడి మీదే ఆధారపడుతుంది. మింగిన ఎలుక అరిగేంత వెచ్చదనం దొరక్కపోతే అది కడుపులోనే కుళ్లుతుంది, పాము దాన్ని కక్కేస్తుంది. కాబట్టి పెట్టెనంతా ఏదో ఒక అంకె దగ్గర వెచ్చగా ఉంచితే పని అయిపోదు. తిన్న రోజున ఒక వేడి కావాలి, కుబుసం విడిచే వారంలో ఇంకొకటి, జబ్బుచేస్తే మరొకటి. ఏ పూటకు ఎంత కావాలో పాముకే తెలుస్తుంది. పెంచేవారు ఇవ్వవలసింది ఆ ఎంపిక చేసుకునే వీలు.

పెంచేవారు పాముకు ఎంతవరకు రుణపడతారన్న ప్రశ్నకు పాత సంప్రదాయాల్లో నేరుగా జవాబు దొరకదు. కారణం స్పష్టమే. భారతీయ ధర్మచింతన పాము గురించి చాలా ఆలోచించింది గానీ, ఆ పాము ఎప్పుడూ బయటిదే. కార్తీక శుద్ధ చవితినాడు తెలుగువాళ్లు పుట్ట దగ్గరికి వెళ్లి పాలు, చలిమిడి, చిమ్మిలి పెట్టి వస్తారు. పుట్టను ఇంటికి తెచ్చుకోరు. పాలు పాము ఆహారం కాదన్నది వేరే సంగతి. చెదపురుగులు కట్టిన ఆ మట్టిగోడల లోపల ఎండాకాలంలోనూ వేడి, తేమ బయటంతగా మారవు కనుకే పాములు అక్కడ చేరతాయి. పాము కాటుతో ఒక భిక్షువు చనిపోయినప్పుడు, నాలుగు నాగకులాల పట్ల మైత్రి భావన చేయమని బుద్ధుడు చెప్పినట్టు అంగుత్తర నికాయంలోని అహిసుత్తం చెబుతుంది. అందులో మైత్రితోపాటు, ఆ ప్రాణులు తమ దారిన తాము తప్పుకోవాలన్న కోరికా ఉంది. భారతం ఆదిపర్వంలో రురుడు, తన ప్రియురాలు ప్రమద్వరను పాము కరిచిందన్న కోపంతో కనిపించిన పామునల్లా కొడుతూ పోతాడు. విషం లేని డుండుభమనే పాము అతన్ని ఆపి అహింస గురించి చెబుతుంది. జనమేజయుడి సర్పయాగంలో పాములు అగ్నిగుండంలో పడిపోతుంటే ఆస్తీకుడు వచ్చి యాగం ఆపిస్తాడు. వీటన్నిటిలో మనిషిని అడిగింది ఒకటే: చంపవద్దు, కాల్చవద్దు, దారి విడిచిపెట్టు. దూరం నుంచి చూపే దయ ఇది. పామును పెట్టెలో పెట్టుకున్నవాళ్లు ఆ దూరాన్ని చెరిపేశారు. ముట్టుకోకుండా ఊరుకోవడం అక్కడ అహింస అవ్వదు. ఊరుకుంటే పాము చలికి చస్తుంది.

నేడు ప్రపంచమంతటా ఇళ్లలో ఎక్కువగా పెంచే పాముల్లో బాల్ పైథాన్ ఒకటి. పశ్చిమ, మధ్య ఆఫ్రికా దాని సొంత నేల. బెనిన్ దేశంలోని విదా పట్టణంలో ఈ పాములకే ఒక గుడి ఉంది. ఓడూన్ మతస్థులకు అవి పూజనీయం. గుడి పాములను అప్పుడప్పుడు రాత్రిపూట బయటికి వదులుతారు. అవి ఎవరింట్లో దూరినా చంపకుండా తిరిగి గుడికి చేరుస్తారు. అక్కడి గాలే వాటికి తగినంత వెచ్చన. హీటరు అక్కర్లేదు, మూతా అక్కర్లేదు. అదే బెనిన్ నుంచి, పక్కనున్న టోగో, ఘనాల నుంచి ఇదే జాతి పాములు పెంపకం కోసం దశాబ్దాలుగా విదేశాలకు ఎగుమతి అవుతున్నాయి. పూజించినవారి దగ్గర పాముకు మిగిలిన స్వేచ్ఛ, ముచ్చటపడి కొనుక్కున్నవారి దగ్గర మిగల్లేదు.

ఇంట్లో జంతువును ఉంచుకున్నవాళ్ల ధర్మాన్ని వివరంగా పట్టించుకున్నది జైన గృహస్థధర్మం. సన్యాసి దేన్నీ కట్టెయ్యడు, గృహస్థుకు ఆవులు, ఎద్దులు తప్పవు. అందుకే ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం, గృహస్థు అహింసావ్రతానికి మచ్చ తెచ్చే అయిదు అతిచారాలను చెబుతుంది: బంధించడం, కొట్టడం, అవయవాలు కోయడం, మోయలేని బరువు వేయడం, తిండీ నీళ్లూ ఆపడం. జాబితాలో బంధనమే మొదటిది. అయినా పశువును కట్టక తప్పనివాళ్ల కోసం వ్యాఖ్యాతలు ఒక వెసులుబాటు చెప్పారు. కడితే వదులుగా, మంటలు లేచినా వెంటనే విడిపోయేలా కట్టాలి. పాము పెట్టెకు ఈ మాట అక్షరాలా వర్తిస్తుంది. పెట్టెలో వేడి ఉన్నచోట, ఆ వేడి నుంచి తప్పుకునే చోటు కూడా ఉండితీరాలి. ఇక తిండీ నీళ్లూ ఆపడమనే అతిచారంలో, పాము విషయానికొస్తే, వెచ్చదనం ఆపడాన్నీ చేర్చక తప్పదు. వేడి లేకుండా పెట్టిన తిండి దానికి పెట్టినట్టు కాదు.

పాశ్చాత్య తత్త్వశాస్త్రం ఇదే చోటికి వేరే దారిలో వచ్చింది. 1637లో దెకార్త్ జంతువులను యంత్రాల్లాంటివన్నాడు. 1789లో బెంథామ్ ప్రశ్నను తిప్పి వేశాడు. జంతువు ఆలోచించగలదా, మాట్లాడగలదా అన్నది వదిలి, బాధ పడగలదా అని అడగమన్నాడు. ఈ చర్చకు మరింత దగ్గరగా వచ్చింది క్లేర్ పామర్. 2010లో వెలువడిన పుస్తకంలో ఆమె వాదన ఇది: అడవిలోని జంతువుకు మనిషి సాయం బాకీ లేడు. ఏ జంతువును తనమీద ఆధారపడేలా చేశాడో దానికి మాత్రం తప్పనిసరిగా బాకీ. అడవిలో చలికి ముడుచుకున్న పామును చూసి దాటిపోవడం తప్పు కాదు. ఇంటి పెట్టెలో అదే పాము చలికి ముడుచుకుంటే తప్పు, ఎందుకంటే ఎండను దాని నుంచి తీసేసింది ఆ ఇంటివాళ్లే. జైన వ్యాఖ్యాతలూ పామరూ ఒకరినొకరు చదివి ఉండకపోయినా ఇక్కడ ఒకే మాట మీద నిలబడ్డారు.

ఇక ఆ బాకీ తీర్చే తీరు. బాల్ పైథాన్ పెట్టెలో ఒక చివర వెచ్చగా, సుమారు 32 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి. రెండో చివర 25, 26 దగ్గర చల్లగా ఉండాలి. మధ్యలో వేడి క్రమంగా తగ్గుతూ రావాలి. హీటరును పెట్టె నడుమ పెడితే ఈ తేడా రాదు. దాక్కునే గూళ్లు రెండు చివరలా ఉండాలి. ఈ చిన్న సంగతిని చాలామంది వదిలేస్తారు. బాల్ పైథాన్ బెదురుపాము, ఒళ్లు దాచుకోకుండా ఉండలేదు. గూడు చల్లని చివరే ఉంటే, వేడి అవసరమైనా భయంతో అక్కడే ముడుచుకుని ఉండిపోతుంది. వెచ్చని చివరే ఉంటే, ఒళ్లు మరీ కాగుతున్నా కదలదు. రెండిట్లోనూ పైకి పాము తన ఇష్టంతోనే అక్కడ ఉన్నట్టు కనిపిస్తుంది. భయానికీ వేడికీ మధ్య ఒకటి వదులుకోవలసి వచ్చినప్పుడు దాన్ని ఎంపిక అనడం న్యాయం కాదు.

ఎక్కువమంది వాడేది హీట్ మ్యాట్. పలకలా పల్చగా ఉంటుంది, గాజుపెట్టె అడుగున బయటివైపు అంటిస్తారు. నేలలో మూడో వంతుకు మించి పరవకూడదు. పెట్టె కింద గాలి ఆడే సందు వదలాలి, లేకపోతే వేడి కిందే చిక్కుకుపోయి గాజు పగలొచ్చు, బల్ల మాడొచ్చు. మ్యాట్‌ను నేరుగా ప్లగ్గుకు తగిలిస్తే అది తన శక్తి కొద్దీ కాగుతూనే పోతుంది, గాజు మీద వేడి 40 డిగ్రీలు దాటిపోగలదు. అందుకే థర్మోస్టాట్ లేకుండా ఏ హీటరూ వాడకూడదన్నది మొదటి నియమం. థర్మోస్టాట్ సెన్సరు తీగ పెట్టడంలోనే అసలు జాగ్రత్త ఉంది. పెట్టెలో గాలి వేడిని చూసే చోట దాన్ని వేలాడదీస్తే, గాలి 32కు చేరేలోపు కింద గాజు కాలిపోతుంటుంది. సెన్సరు మ్యాట్‌కూ గాజుకూ మధ్యగానీ, పాము ఒళ్లు తాకే చోట గాజు మీదగానీ గట్టిగా అతికి ఉండాలి. పాము పాకుతూ దాన్ని లాగేస్తే, సెన్సరు చల్లని మూలకు జారుతుంది. థర్మోస్టాట్ పెట్టె చల్లగా ఉందనుకుని హీటరును ఆపకుండా నడుపుతుంది. నీళ్లగిన్నె ఒలికి సెన్సరు తడిసినా లెక్క తప్పుతుంది. పైన పరిచిన కొబ్బరిపీచు, చెక్కపొట్టు మందంగా ఉంటే వేడి పైకి రాక కింద పేరుకుంటుంది. పాము తవ్వుకుంటూ పోయి సరిగ్గా ఆ కాలే గాజు మీదే పడుకుంటుంది.

అక్కడ పడుకున్న పాము లేచి పోదా అన్న సందేహం సహజం. చాలాసార్లు పోదు. సరీసృపాలను చూసే పశువైద్యులకు కాలిన పొట్టలు కొత్త కాదు. నిప్పు తగిలినట్టు చురుక్కుమనే వేడి కాదు ఇది, గంటలకొద్దీ మెల్లగా మాడ్చే వేడి. మనిషి చర్మం మీద కూడా 44 డిగ్రీల వేడి ఆరేడు గంటలు ఆగకుండా తగిలితే చర్మం చచ్చిపోతుందని పరిశోధకులు మోరిట్జ్, హెన్రిక్స్ 1947లోనే చూపారు. పొట్ట కింద ఎర్రబారిన పొలుసులు, తర్వాత గోధుమరంగుకు తిరిగిన మచ్చలు, నీటి పొక్కులు, కుబుసం అక్కడే అతుక్కుపోవడం దాని గుర్తులు. పామును పైకెత్తి పొట్ట చూడనివాళ్లకు ఇవేవీ రోజుల తరబడి కనపడవు.

పార్శ్వనాథుడి కథ సరిగ్గా ఈ ఏమరుపాటు గురించే. ఇరవై మూడో తీర్థంకరుడు కాకముందు, రాకుమారుడిగా ఉన్నప్పుడు, చుట్టూ మంటలు పెట్టుకుని పంచాగ్ని తపస్సు చేస్తున్న కమఠుడి దగ్గరికి వెళతాడు. మండుతున్న దుంగ లోపల పాములు ఉన్నాయని చెబుతాడు. దుంగ చీలిస్తే కాలుతున్న పాముల జంట బయటపడుతుంది. ఆ జంటే ధరణేంద్రుడు, పద్మావతి అయ్యారని సంప్రదాయం. కమఠుడికి పాముల మీద పగ లేదు. చేస్తున్నది పుణ్యకార్యమనే అనుకున్నాడు. దుంగలోకి చూడలేదు, అంతే. తత్త్వార్థసూత్రం హింసను నిర్వచించేటప్పుడు కూడా ద్వేషాన్ని గీటురాయిగా పెట్టలేదు. ఏమరుపాటుతో కూడిన పని వల్ల ప్రాణం పోవడమే హింస అంది. పాము మీద ఎంతో ముచ్చటతో కొన్న హీటరు, చూడకుండా వదిలేసిన సెన్సరు తీగ ఆ నిర్వచనం లోపలికే వస్తాయి. ప్రేమ ఉంది కదా అన్న సమాధానం అక్కడ చెల్లదు.

పై నుంచి వేడి ఇచ్చే సిరామిక్ హీటర్లకు వేరే జాగ్రత్తలు కావాలి. వెలుగు ఇవ్వకపోవడం వాటిలో మేలు, రాత్రి చీకటి చెడదు. కానీ వాటి ఉపరితలం 200 డిగ్రీలు దాటుతుంది. పింగాణీ హోల్డరే వాడాలి, ప్లాస్టిక్‌ది కరుగుతుంది. చుట్టూ ఇనుప జాలీ బిగించాలి, లేకపోతే పాము వెళ్లి దాన్నే చుట్టుకుంటుంది. లోపలే ఉంచే వేడిరాళ్లను అసలు వాడకపోవడమే మంచిది.

థర్మోస్టాట్ వేడిని ఆపగలదే తప్ప చల్లబరచలేదు. చలిదేశాల పెంపకందార్లు రాసుకున్న సూచనలు హైదరాబాద్, విజయవాడల్లో మే నెలలో సగమే పనికొస్తాయి. గది 38 డిగ్రీలు ఉన్నప్పుడు హీటరు కట్టేసి ఉన్నా పెట్టెలో చల్లని చివర అంటూ మిగలదు. బాల్ పైథాన్ ఒళ్లు 35 దాటిన వేడిలో ఎక్కువసేపు ఉంటే ప్రమాదం. అక్కడ వేడిని అమర్చడమంటే గదిని చల్లగా ఉంచడమే. జనవరి రాత్రుల్లో కరెంటు పోతే ఎదురుదిక్కు నుంచి అదే సమస్య వస్తుంది. ఇన్వర్టరుకు కలిపితే తీరే పని ఇది. థర్మోస్టాట్ పాడైతే హీటరు ఆగిపోతుందనే భరోసా కూడా లేదు. లోపలి రిలే అతుక్కుపోతే ఆగకుండా నడుస్తుంది. అందుకే అవసరానికి సరిపోయే తక్కువ వాట్ల హీటరునే ఎంచుకోవాలి. థర్మోస్టాట్ చూపే అంకెను మాత్రమే నమ్మకుండా, విడి థర్మామీటర్లు రెండు చివరలా పెట్టి రోజూ చూడాలి. బాధ్యతను యంత్రానికి అప్పగించొచ్చు అనుకునేవాళ్లు, అది పాడైన రాత్రి ఎవరిది తప్పు అన్న ప్రశ్నకు సిద్ధపడాలి.

ఈ వేడి పాముకు లోపల ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. గబ్బిలంగా ఉండటం ఎలా ఉంటుందన్న థామస్ నాగెల్ 1974 నాటి ప్రశ్న పైథాన్ విషయంలో ఇంకా పదునెక్కుతుంది. దాని పైపెదవి పొలుసుల మీద చిన్న గుంటలుంటాయి. వెచ్చని ఒళ్ల నుంచి వచ్చే పరారుణ కిరణాలను అవి పసిగడతాయి. చీకట్లో ఎలుకను పట్టుకునేది వాటితోనే. మనిషికి కనిపించని సిరామిక్ హీటరు, ఆ పాముకు చీకట్లో ఒక మూల నుంచి ఆగకుండా వచ్చే సంకేతం కావచ్చు. ఆ అనుభవంలోకి దూరడం ఎవరికీ సాధ్యం కాదు. అయితే అది ఏ చివర పడుకుంటోంది, ఎంతసేపు ఉంటోంది, తిన్నది నిలుపుకుంటోందా అన్నవి చూడొచ్చు. పాము మూలుగదు, కుక్కలా కుంటుతూ వచ్చి కాలు చూపదు. కాబట్టి ఫిర్యాదు వినే దాకా ఆగుదామనే పద్ధతి దాని దగ్గర పనికిరాదు. వెచ్చని చివరకు అసలు రాకపోవడం, నీళ్లగిన్నెలోనే మునిగి ఉండటం, గాజుకు ముక్కు రాస్తూ తిరుగుతుండటం దాని ఫిర్యాదులు.

చట్టం ఈ ధర్మచర్చలో కొంత భాగాన్ని ముందే తేల్చేసింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన నాగుపామును, జెర్రిపోతును, కొండచిలువను ఇంట్లో పెంచడం నేరం. బాల్ పైథాన్, వన్యజాతుల అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. 2022 సవరణ తర్వాత అలాంటి విదేశీ జాతులు చట్టంలోని నాలుగో షెడ్యూలు కిందికి వచ్చాయి. వాటిని ఉంచుకున్నవాళ్లు నమోదు చేయించుకోవాలి. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం మూడో సెక్షన్, జంతువు ఎవరి సంరక్షణలో ఉందో వారిమీదే దాని క్షేమం చూసే బాధ్యత పెట్టింది. 2014లో జల్లికట్టు కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను అయిదు స్వేచ్ఛలతో కలిపి చదివింది: ఆకలి దప్పుల నుంచి, అసౌకర్యం నుంచి, నొప్పి, గాయం, జబ్బుల నుంచి, భయం నుంచి విముక్తి, సహజ ప్రవర్తనకు వీలు. పాముకు సంబంధించినంత వరకు చివరిదే అన్నిటికన్నా బరువైనది. ఎండకూ నీడకూ మధ్య తిరగడమే దాని సహజ ప్రవర్తన.

గేరీ ఫ్రాన్సియోన్ లాంటి తత్త్వవేత్తలు ఇదంతా జైలుగదిలో పరుపు మార్చడమే అంటారు. జంతువు మనిషి ఆస్తిగా ఉండటమే తప్పయితే, మంచి థర్మోస్టాట్ ఆ తప్పును తుడవలేదు. ఈ వాదనకు బలం ఉంది. నాలుగడుగుల పెట్టెలో ఎంత నేర్పుగా అమర్చినా అడవి రాదు, బంధనం అతిచారంగానే మిగులుతుంది. కానీ ఆ వాదన రేపు కొనబోయే పాముకు వర్తించినట్టు ఈ రోజు పెట్టెలో ఉన్న పాముకు వర్తించదు. పెట్టెలోనే పుట్టి పెరిగినదాన్ని తెలంగాణ అడవిలో వదలడం విముక్తి కాదు. అది దాని నేల కాదు, అక్కడి ప్రాణులకు అది తెచ్చే రోగాలు ఏవో చెప్పలేం, చట్టమూ ఒప్పదు. కొనకపోవడం ఒక నిర్ణయం. కొన్నాక హీటరు సరిగా పెట్టడం మరొకటి. మొదటిదాని మీద ఎంత వాదించినా రెండోదానికి మినహాయింపు రాదు.

ఈ బాకీ వ్యవధి కూడా పెద్దది. పెంపకంలో బాల్ పైథాన్ ఇరవై, ముప్పై ఏళ్లు బతకడం మామూలే. అమెరికాలోని సెయింట్ లూయీ జూలో కనీసం 62 ఏళ్ల వయసున్న ఒక బాల్ పైథాన్ 2020లో గుడ్లు పెట్టింది. ఏ హీట్ మ్యాట్, ఏ థర్మోస్టాట్ అంతకాలం పనిచేయదు. వాటిని పాడయ్యే దాకా ఆగకుండా కొన్నేళ్లకొకసారి మార్చాలి. పదిహేనేళ్ల వయసులో పాము కొన్న పిల్లవాడు చదువుకు మరో ఊరు వెళతాడు, ఉద్యోగానికి దేశం దాటతాడు, పాము మాత్రం ఇంట్లో అమ్మానాన్నల దగ్గరే మిగులుతుంది. వాళ్లలో ఎవరికి సెన్సరు తీగ ఎక్కడుండాలో తెలుసు, ఎండాకాలం పెట్టెను ఏ గదిలోకి మార్చాలో తెలుసు, జబ్బుచేస్తే సరీసృపాలను చూసే వైద్యులెవరో తెలుసు అన్నవి పాము ఇంట్లోకి రాకముందే తేలాల్సిన సంగతులు.